పదకొండు రోజులకే పోయిన తాత

ఈ కథలోకి ఈ వారమే అడుగు పెడుతున్నవాళ్ళకు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మొదటినుంచీ చదువుతున్నవాళ్ళు ఆ కాసేపు ఓపిక పట్టండి. ఈ మూడు వారాల్లో నేను పట్టిన ఓపిక ముందు అదొక లెక్క కాదు.

పలమనేరు దగ్గర నక్కలమిట్ట అనే పల్లెలో మాకు మూడున్నర ఎకరాల భూమి ఉంది. మల్బరీ తోట, నాలుగు ఆవులు, ఒక బోరు. మా నాయన బాలసుబ్రమణ్యం యాభై ఏళ్ళుగా దాన్నే నమ్ముకుని బతుకుతున్నాడు. పాత రికార్డులో ఆ భూమి మా తాత కుప్పయ్య పేరున ఉంది. తండ్రి పేరు దగ్గర దొరస్వామి అని ఉంది. మొన్న అధికారులు రీసర్వేకి వచ్చినప్పుడు ఆ దొరస్వామి తమ్ముడి మునిమనవడు బాలచంద్ర బెంగళూరునుంచి దిగి ఒక అభ్యంతరం పడేశాడు. దొరస్వామికి బతికిన పిల్లలే లేరట. కుప్పయ్య ఎవరో వాళ్ళకు తెలియదట. కాబట్టి భూమి వాళ్ళ వైపుకు రావాలట. ముప్పై రోజుల్లోగా కుప్పయ్య దొరస్వామి కొడుకే అని మేం రుజువు చూపించాలి, లేదంటే నాయన చేతిలోని పాసుపుస్తకం చిత్తుకాగితమే.

ఆ రుజువు వెతికే పని నా నెత్తిన పడింది. నేను తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చుంటాను. రోజుకు నూరు మంది పేరు, తండ్రి పేరు, వయసు రాసుకుంటాను. "నీకు అలవాటైన పనే గదా పాపా" అన్నాడు నాయన. బతికున్నవాళ్ళ వయసు రాబట్టడానికే నా ప్రాణం పోతుంది, ఇక చచ్చిపోయినవాళ్ళ సంగతి చెప్పాలా!

మొదట జనాభా లెక్కల వెంట పడ్డాను. 1931 నాటి పుస్తకంలో మా ఊరి వివరం దొరికినప్పుడు ఎగిరి గంతేసినంత పని చేశాను. తీరా చూస్తే అందులో ఉన్నది ఒకే ఒక్క వరస. ఇళ్ళు ఎనభై మూడు, మగవాళ్ళు రెండు వందల పధ్నాలుగు, ఆడవాళ్ళు నూట తొంభై ఏడు. పేర్లు రాసిన చీటీలు ఎప్పుడో పోయాయట, అంకెలు మాత్రం భద్రంగా దాచారట. ఆ రెండు వందల పధ్నాలుగు మందిలో మా తాత ఒకడని నాకు తెలుసు. ఆ సంగతి తెలియాల్సినవాళ్ళకు ఎలా తెలియజెప్పడం?

ఆ తర్వాత జనన మరణాల రిజిస్టర్ల మీద పడ్డాం. ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరు పుట్టినా పోయినా మునసబు చేత్తో రాసి పై ఆఫీసుకు పంపేవాడు. పోయిన వారం డిప్యూటీ తహసీల్దార్ శాంతయ్య గారు 1929 నాటి రిజిస్టరు తెప్పించి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "మీ తాత చనిపోయినాడమ్మా" అన్నారు. "తెలుసు సార్, తొంభై ఒకటిలో" అన్నాను నేను.

"కాదమ్మా. ఇరవై తొమ్మిదిలో" అన్నారాయన.

*

శాంతయ్య గారు మనిషి మంచివాడే. ఆయన మంచితనమే నాకు ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది. కసురుకునే అధికారి అయితే తిరిగి కసురుకోవచ్చు. ఈయన కుర్చీ వేయిస్తాడు, టీ తెప్పిస్తాడు, ఆ తర్వాత నెమ్మదిగా మన కొంపకు నిప్పు పెడతాడు.

"ఇది పుట్టుకల పేజీ. నవంబరు మూడో తేదీ. దొరస్వామికి మగబిడ్డ. పేరు గడి ఖాళీ, ఆ కాలంలో పేరు పెట్టకముందే రాసేసేవాళ్ళు" అంటూ వేలు పెట్టి చూపించారు. తర్వాత ఇంకో పుస్తకం తెరిచారు. "ఇది చావుల పేజీ. నవంబరు పద్నాలుగు. దొరస్వామి కొడుకు, పదకొండు దినాల బిడ్డ. జ్వరం. చెప్పినవారు దొరస్వామి. ఇదిగో వేలిముద్ర."

"ఇంకో కొడుకు పుట్టి ఉంటాడు సార్" అన్నాను.

ఆయన అంతకుముందే చూసిపెట్టారు. 1920 నుంచి 1940 దాకా దొరస్వామి పేరు ఎన్నిసార్లు వచ్చిందో ఒక తెల్లకాగితం మీద రాసుకున్నారు. నాలుగు పుట్టుకలు, నాలుగూ మగపిల్లలే. నాలుగు చావులు. మొదటి ముగ్గురిలో ఒక్కడు కూడా పదిరోజులు దాటలేదు. ఆ కాగితం చూసి నాకు భూమి సంగతి ఒక్క నిమిషం మరుపున పడింది. మా ముత్తవ్వ ముఖం నేను ఎరగను, ఫొటో కూడా లేదు. నాలుగుసార్లు కని నాలుగుసార్లు పూడ్చిపెట్టిన మనిషని ఆ రోజే తెలిసింది.

పక్కనున్న నాయన మాత్రం భగ్గుమన్నాడు. "అట్లయితే నేనెవురు సార్? ఆకాశంలో నించి ఊడిపడినానా? మా నాయన పదకొండు దినాలకే సచ్చిపోయుంటే మమ్మల్ని నలుగుర్ని కన్నది ఎవురు? దయ్యమా?"

"నేను అట్లా అన్లేదు పెద్దాయనా. కాగితం అంటాండాది."

"కాగితం నోరు మూసేదానికి ఇంకో కాగితం యాడ దొరుకుతాది?"

"బిడ్డ బతికినట్టు రాసిన కాగితం తెండి. బడి రిజిస్టరో, టీకాల పుస్తకమో, ఏదైనా సరే. బుధవారం రెండు పార్టీలూ వచ్చి వాంగ్మూలం ఇయ్యాల. ఆ లోపల."

మా తాత బడి గడప తొక్కలేదు. నక్కలమిట్ట టీకాల పుస్తకం చెదలు తినేసిందని రెండో వారంలోనే తేలింది. చావు వరసకు నకలు కావాలంటే ఒక అర్జీ అన్నారు, పుట్టుక వరసకు ఇంకో అర్జీ అన్నారు. నాయన రెండు సంతకాలు చేసి, "ఒక్కో వరసకు ఒక్కో అర్జీ అంటే మా వంశం అంతా కాగితం ఎక్కేసరికి నా ఆయుస్సు అయిపోతాది" అని గొణుక్కుంటూ బయటికి వచ్చాడు.

ఇక మిగిలింది జ్ఞానాంబత్త ఒక్కతే.

*

జ్ఞానాంబత్త నాయనకు అక్క, కుప్పయ్య తాతకు పెద్దకూతురు. డెబ్బై ఆరేళ్ళు. పలమనేరులో సొంత ఇంట్లో ఒక్కతే ఉంటుంది, ఎవరి మాటా వినదు. మేం వెళ్ళేసరికి వరండాలో కాళ్ళు చాపుకుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతోంది, తొక్క ఆమె చేతిలో ఉండిపోతోంది. నన్ను చూసి ఇంకో గిన్నె నా ముందుకు తోసింది. ఆ ఇంట్లో ఊరికే కూర్చునే హక్కు ఎవరికీ లేదు.

నాయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. రిజిస్టరు, పదకొండు దినాలు, జ్వరం, వేలిముద్ర. అత్త తల ఎత్తకుండా అంతా విని, "అవును, రాయించినారు గదా" అంది.

నా చేతిలో గింజ జారి ఎక్కడో పడింది.

"ఏం రాయించినారు అత్తా?"

"సచ్చిపోయినాడని. మా నాయన పుట్టినప్పుడు."

"సచ్చిపోకుండానే?"

"సచ్చిపోకూడదనే గదే రాయించింది! నీకు సదువు చెప్పించి ఏం లాబం మే?"

నేను నాయన వైపు చూశాను. నాయన నోరు తెరుచుకుని వాళ్ళక్క వైపు చూస్తున్నాడు. డెబ్బై రెండేళ్ళ మనిషికి తన తండ్రి పుట్టుక గురించి ఒక్క ముక్కా తెలియదని ఆ ముఖం చూస్తే తెలిసిపోతోంది.

అత్త చేతులు ఆపకుండానే చెప్పుకొచ్చింది. ఇదంతా ఆమెకు వాళ్ళ జేజి చెంగమ్మ చెప్పింది. చెంగమ్మ అంటే దొరస్వామి భార్య, ఆ నలుగురు బిడ్డల్ని కన్న తల్లి.

"ముగ్గురు మగబిడ్డలు ఒకరెనకాల ఒకరు పోయినారు. నాలుగో బిడ్డకు పదకొండో దినం ఒళ్ళు కాలిపోయేటట్టు జరం వొచ్చింది. అట్లా బిడ్డలు నిలవనోళ్ళు ఏం జేస్తారు? బిడ్డను చేటలో పెట్టి కసువు కుప్ప మీద పెట్టొస్తారు. మనది గాని మనిషొకామె వొచ్చి ఎత్తుకుంటాది. కుప్పలో దొరికినాడు, ఎవురికన్నా కావాల్నా అని అడుగుతాది. అప్పుడు తల్లి పోయి చారెడు తవుడు పోసి కొనుక్కుంటాది. అయిపాయె. ఇంగ వాడు మనకు పుట్టిన బిడ్డ కాదు, కుప్పలో దొరికినోడు. యముడు మన బిడ్డ కోసరం వొచ్చి సూసుకొని, ఈడ ల్యాడని యెనక్కి పోతాడు. కుప్పయ్య అని పేరు ఎందుకు పెట్టినారనుకున్నావు మరి?"

ఆ మాత్రం నాకూ తెలుసు. మా వైపు ఊరికి ఇద్దరు కుప్పయ్యలు ఉంటారు. పేరెందుకు అలా పెట్టారని అడిగితే ప్రతివాళ్ళూ ఈ కథే చెబుతారు.

"దానికీ మునసబు పుస్తకానికీ ఏం సంబంధం అత్తా?"

"మూడోవోడిని గూడా కుప్ప మీద పెట్టినారంట. వాడూ పోయినాడు. మా తాతకు అప్పుడు తట్టిందంట. మనం కుప్ప మీద పెట్టేది, కొనుక్కునేది అంతా చేస్తాండాము, పుస్తకంలో మాత్రం దొరస్వామి కొడుకు అనే ఉండాది గదా! ఆ పుస్తకం పెద్దాఫీసుకు పోతాది. యముడు యాడ సూస్తాడో ఎవురికి తెలుసు? అందుకని ఈసారి ముందు సావు రాయిద్దాం అన్నాడంట. ఏడ్సుకుంటా మునసబు ఇంటికి పోయి, నా కొడుకు సచ్చిపోయినాడని యేలిముద్ర ఏసి వొచ్చినాడు. బిడ్డ ఇంట్లో ఉయ్యాల్లో ఉండాడు. దొరలే నమ్మినాక యముడు నమ్మడా, అన్నాడంట మా తాత."

గవర్నమెంటును నమ్మించితే యముణ్ణి నమ్మించినట్టే అనుకున్న మా ముత్తాతను తలుచుకుంటే నవ్వాలో, నెత్తి బాదుకోవాలో తెలియలేదు. తొంభై ఆరేళ్ళయింది. యముడి సంగతేమో గాని గవర్నమెంటు మాత్రం ఇప్పటికీ నమ్ముతూనే ఉంది!

"మూడు వారాలు అత్తా! మూడు వారాలుగా చిత్తూరు, తిరుపతి, పలమనేరు తిరుగుతాండాను. నా సెలవులన్నీ అయిపోయినాయి. ఈ ముక్క మొదటి దినమే సెప్పుంటే ఏం పోయేది?"

"నన్నెవురడిగినారు? మీ నాయన వొచ్చి పాసుపుస్తకం గురించి అడిగినాడు. పాసుపుస్తకం గురించి నాకేం తెలుసు?"

"తాత గురించి అడిగినాడు గదా!"

"యాడ అడిగినాడు? ఎప్పుడు పుట్టినాడని అడిగినాడు. తెల్దన్నాను. సచ్చినాడా బతికినాడా అని అడిగితే గదా ఇది సెప్పేది." అత్త గిన్నెను దగ్గరికి లాక్కుని, కొంచెం గొంతు తగ్గించింది. "జేజి ఒట్టు ఏయించుకునింది. నీ నాయన బతికున్నన్నాళ్ళు ఈ మాట నోట్లో నించి రాకూడదు అనింది. ఆయన పోయినాక ఇంగ ఎవురికి కావాల ఇదంతా?"

నాయన ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. అభ్యంతరం నోటీసు వచ్చినప్పటినుంచీ ఆయన నవ్వగా నేను చూడలేదు. "మా తాత మొనగాడే! యముడికే దొంగ కాగితం చూపించినాడు" అంటూ తొడ చరుచుకున్నాడు. ఆయన అంత సంతోషంగా ఉంటే నా కోపం కూడా కాస్త దిగింది. కానీ ఈ కథ చెబితే శాంతయ్య గారు టీ ఇప్పించి పంపేస్తారు. కాగితం కావాలి.

"ఎత్తుకున్నామె ఎవురు అత్తా?"

"తిరుమలమ్మ. మన ఇంట్లో గొడ్లకాడ పని జేసేది. పాపం, ఆయమ్మకు ముందూ ఎనకా ఎవురూ లేరు. అది గూడా రాసినాడంట మునసబు."

"ఏది?"

"బిడ్డ తిరుమలమ్మకు పుట్టినట్టు. సావు రాసి వొదిలేస్తే ఎట్లా, ఊళ్ళో బిడ్డ ఏడ్సేది యముడికి ఇనపడదా? అందుకని తిరుమలమ్మ బిడ్డ అని రాసి పెట్టినాడు. మునసబు మంచోడు. ఆయన కోడలికి గూడా ఇద్దురు బిడ్డలు పోయుండారు."

నేను లేచి అత్త తల పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. ఇంతకంటే రుజువు ఏం కావాలి? పద్నాలుగో తేదీ దొరస్వామి బిడ్డ చనిపోయినట్టు ఒక వరస. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో తిరుమలమ్మకు మగబిడ్డ పుట్టినట్టు ఇంకో వరస. రెండూ పక్కపక్కన పెడితే మునసబు చేసిన ఉపకారం కళ్ళకు కడుతుంది. మా తాత బతికినట్టు గవర్నమెంటు చేతిరాతలోనే ఉంది!

"నువ్వు తిరపతికి పోయి నీ పని సూసుకో పాపా. బుధవారం నేరుగా ఆఫీసుకు రా. అర్జీ సంగతి నేను సూసుకుంటా" అన్నాడు నాయన. నేను సరేనన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

*

బుధవారం నేను ఎక్కిన బస్సు చిత్తూరు దాటాక టైరు పంక్చరయి అరగంట నిలబడిపోయింది. ఆఫీసు చేరేసరికి పదకొండున్నర. శాంతయ్య గారి గదిలో బల్లకు ఒక పక్క నాయన, ఎదురుగా బాలచంద్ర కూర్చుని ఉన్నారు. నాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్ళికి వచ్చినట్టు ఉన్నాడు. బాలచంద్ర శాంతయ్య గారికంటే చల్లటి మనిషి. కనబడగానే "బాగున్నావా అక్కా" అంటాడు. మా భూమి లాక్కోవడానికి వచ్చి కూడా మా నాయనను పెదనాయనా అనే పిలుస్తాడు. వరస ప్రకారం అది తప్పు కాదు. నా ఒళ్ళు మండేది కూడా అందుకే.

"రా పాపా రా! దొరికింది!" నాయన ఒక కాగితాల కట్ట నా చేతిలో పెట్టాడు. "తిరుమలమ్మ దొరికింది. ఇంగ ఒక్కో వరసకు ఒక్కో అర్జీ ఎవురు పెడతారని నవంబరు నెల పుట్టుకలు, సావులు మొత్తం ఇయ్యమన్నా. మనోనికి గూడా ఒక సెట్టు ఇయ్యమని నేనే రాసినా. ఆయన గూడా సదువుకోనీ. మనమేం దాస్తాండామా?"

చూస్తే నిజంగానే బాలచంద్ర చేతిలో కూడా అదే కట్ట ఉంది. కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదువుకుంటున్నాడు.

"మీ నాయన గారు అంతా చెప్పినారమ్మా. చేట, కుప్ప, తవుడు, అంతా" అన్నారు శాంతయ్య గారు. ఆయన గొంతులో వేళాకోళం లేదు. "కథ నమ్మదగిందే. మా అమ్మమ్మ కూడా ఇట్లాంటివి చెప్పేది. పేజీ చూసి వాంగ్మూలం రాసుకుందాం."

నేను పుట్టుకల పేజీ తీశాను. నవంబరు మూడు, దొరస్వామి, మగబిడ్డ. దాని కింద తొమ్మిదో తేదీ, ఎవరికో ఆడబిడ్డ. దాని కింద తిరుమలమ్మ, మగబిడ్డ. నాయన వేలు కూడా దాని మీదికి వచ్చి ఆగింది, "అదే, అదే" అంటూ.

తేదీ చూశాను. మళ్ళీ చూశాను.

నవంబరు పన్నెండు.

ల్యాబులో పదిహేనేళ్ళుగా తేదీలు సరిచూస్తున్నదాన్ని నేను. దొరస్వామి బిడ్డ పోయినట్టు రాయించింది పద్నాలుగో తేదీన. బిడ్డను కుప్ప మీద పెట్టింది ఆ తర్వాత. దొంగ పుట్టుక రాస్తే పద్నాలుగు తర్వాత రాయాలి. పన్నెండో తేదీకే తిరుమలమ్మకు బిడ్డ ఎలా వచ్చాడు? మునసబు తర్వాత ఎప్పుడో ఖాళీ చూసి ఇరికించాడేమో అనుకున్నాను. ఖాళీ లేదు. దాని కింద పదమూడో తేదీ వరస ఉంది, నంబర్లు వరసగా ఉన్నాయి. చెప్పినవారు అన్న గడిలో దొరస్వామి పేరు లేదు. మంత్రసాని అని ఉంది. తండ్రి పేరు గడిలో అడ్డంగా ఒక గీత ఉంది. కులం గడిలో రాసింది మా కులం కాదు.

ఇది మునసబు చేసిన ఉపకారం కాదు. నిజంగా పుట్టిన బిడ్డ. దొరస్వామి బిడ్డ ఇంకా బతికుండగానే, అదే ఊళ్ళో, మొగుడు లేని తిరుమలమ్మ ఒక మగబిడ్డను కన్నది. రెండు రోజులకు దొరస్వామి బిడ్డ నిజంగానే పోయాడు. ఆయన ఏడుపు నిజం, వేలిముద్ర నిజం. చెంగమ్మ మనవరాలికి చెప్పిన యముడి కథే అబద్ధం. వాళ్ళింట్లో పెరిగిన కుప్పయ్య, మా తాత, మా నాయనను కన్న తండ్రి, ఆ గొడ్లకాడ పని చేసే తిరుమలమ్మ కొడుకు.

పేజీ మీదినుంచి వేలు తీసేశాను. కులం గడి చూసి కాదు. రోజుకు నూరు మందిని ఒకే కుర్చీలో కూర్చోబెట్టే నాకు ఆ గడితో పని లేదు. ముందూ వెనకా ఎవరూ లేని ఆ మనిషి తన బిడ్డను ఇష్టపడి ఇచ్చిందా, ఇవ్వక తప్పక ఇచ్చిందా అన్నది ఏ గడిలోనూ లేదు. ఆ పేజీ చదివే తెలివి ఎదుటివాడికి ఉంటే మాత్రం మా నాయనకు భూమీ ఉండదు, దొరస్వామి మనవణ్ణని చెప్పుకునే ముఖమూ ఉండదు.

మెల్లిగా తలెత్తాను. బాలచంద్ర పుట్టుకల పేజీ మీద ఉన్నాడు. అతని వేలు కిందినుంచి పైకి వచ్చి ఒకచోట ఆగింది. చావుల పేజీ తీసి పక్కన పెట్టుకున్నాడు. మళ్ళీ మొదటి పేజీ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"సార్, వాంగ్మూలం ఇంకో రోజు పెట్టుకుందాం" అన్నాను. "నాయనకు ఒంట్లో బాగాలేదు."

"ఎవురికి బాగాలేదు?" నాయన నా మీద గయ్యిమన్నాడు. "గుండ్రాయి మాదిరి ఉండాను. మూడు వారాలుగా కాగితం కాగితం అని సంపినావు. కాగితం సేతికొచ్చినాక వాయిదా అంటావా?"

"నాయనా, ఒక్క నిమిషం బయటికి రా. మాట్లాడల్ల."

"ఈన్నే మాట్లాడు. దాసేది ఏముండాది?"

బాలచంద్ర కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎప్పటిలాగే గౌరవంగా, నెమ్మదిగా అడిగాడు.

"పెదనాయనా, ఈ తిరుమలమ్మ అనే ఆమె గురించి నీకేమన్నా తెలుసా? అత్త చెప్పింది కాదు. నువ్వు సూసింది."

"నాయనా, వొద్దు" అన్నాను.

నాయన నన్ను చేత్తో వెనక్కి నెట్టాడు. ఎన్నాళ్ళకో ఒక ఆఫీసులో తనకు తెలిసిన ప్రశ్న అడిగారు. ఆ ఆనందంలో ఆయన కళ్ళు మెరిశాయి.

"తెలీకేం? బాగా తెలుసు! నాకు ఎనిమిదేండ్లప్పుడు పోయింది ఆయమ్మ. కుప్ప మీద నించి ఎత్తుకున్న పున్యానికి మా నాయన ఎంత సేసినాడో నేను కండ్లారా సూసినా. గుండు కొట్టించుకొని, నిప్పుకుండ పట్టుకొని పాడె ముందర నడిసింది మా నాయనే! పదోదినం పిండాలు పెట్టింది ఆయనే. మా జేజి సచ్చిపోయినప్పుడు గూడా అంత ఏడవలేదు మా నాయన. రాసుకోండి సార్. నా మాటగా రాసుకోండి."

శాంతయ్య గారు నా వైపు చూశారు. ఆయనకు కూడా అర్థమైందని నాకు తెలిసిపోయింది. పెన్ను ఆయన చేతిలోనే ఉంది, కాగితం మీద పెట్టలేదు.

"రాసుకోండి సార్" అన్నాడు బాలచంద్ర. "పెదనాయన చెప్పింది ఒక్క ముక్క కూడా వదలకుండా రాసుకోండి."